నా లెక్కలో మనుషులు లేరు

నా మొదటి మోడల్‌లో మనుషులు లేరు. వాన ఉంది, వాలు ఉంది. నల్లరేగడి ఎంత నీరు తాగుతుందో, ఎర్రచెలక ఎంత వదిలేస్తుందో ఉంది. ఎండకు ఆవిరయ్యే నీటి లెక్క నెలనెలకూ విడిగా ఉంది. షాబాద్ వైపు కురిసిన వాన హిమాయత్‌సాగర్ జలాశయానికి చేరడానికి ఎంతసేపు పడుతుందో కూడా ఉంది. దాదాపు 1,300 చదరపు కిలోమీటర్ల ఆ పరివాహక ప్రాంతంలో ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్లు మాత్రం లేరు. పొరపాటున మర్చిపోయి వదిలేసింది కాదు. లెక్క శుభ్రంగా ఉండాలని నేనే పక్కన పెట్టాను. మనిషి చేసే పనికి సూత్రం ఉండదనీ, సూత్రానికి లొంగనిది నీటి శాస్త్రంలోకి రాకూడదనీ ఆ వయసులో గట్టిగా నమ్మాను. చదువుకున్నవాడి మూర్ఖత్వం ఎలా ఉంటుందో నన్ను నేను చూసుకునే నేర్చుకున్నాను కాబట్టి, దాన్ని దాచకుండా రాస్తున్నాను.

మాది కాచిగూడ. 1916లో కట్టిన స్టేషన్ వెనక సందుల్లో పెరిగాను. మా ఇంటి నుంచి దక్షిణానికి నడిస్తే చాదర్‌ఘాట్, తూర్పుకు పోతే గోల్నాక. ఎటు పోయినా చివరికి మూసీయే తగులుతుంది. మా పెద్దవాళ్లు 1908 వరదను ‘తుగ్యానీ’ అనేవారు. ఆ ఏడు సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ఊడ్చేసింది. పదిహేను వేల మంది దాకా పోయారంటారు. అఫ్జల్‌గంజ్‌లో ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారన్న మాట మాకు అన్నం తినిపిస్తూ చెప్పేవారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. చిన్నప్పుడు దాన్ని చూడటానికి వెళ్లి, అంత ఎత్తుకు నీళ్లు వచ్చాయా అని మెడ వెనక్కి వంచి చూసేవాణ్ని.

ఇంజనీరింగ్‌కు వచ్చేసరికి నా మనసులో ఆ చెట్టు స్థానంలోకి రెండు జలాశయాలు వచ్చాయి. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఆయన ఎగువన రెండు జలాశయాలు కట్టమన్నారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి, నగరానికి వరద భయం పోయింది, పైగా మంచినీళ్లు దొరికాయి. పాఠం ఇంతే. నేను దాన్ని ఇష్టంగా చదివాను. సమస్య, పరిష్కారం, విజయం అన్నీ అందులో ఉన్నాయి. అదే విశ్వేశ్వరయ్య రాసిన ఇంకో సంగతి కూడా చదివాను గానీ దాని మీద ఆగలేదు. నగరానికి ఎగువన మూసీ పరివాహక ప్రాంతంలో 788 చెరువులు ఉండేవట, సుమారు చదరపు మైలుకు ఒకటి చొప్పున. ఆ వరదలో 221 చెరువులు తెగాయి. ఒక చెరువు తెగి కిందిదాని మీద పడితే అదీ తెగి, ఆ మొత్తం నీళ్లు నగరం మీదికి వచ్చాయి. ఆ చెరువులు ఎవరు కట్టారు? మనుషులే. కట్టలు పోసింది, మత్తడి ఎత్తు నిర్ణయించింది, కింద పొలాలు చేసుకున్నది మనుషులే. అంటే తుగ్యానీ ఒట్టి వాన పని కాదు. వానా, కొన్ని తరాల జనం చేసిన పనీ కలిస్తేనే ఆ రాత్రి అలా అయింది. 788, 221 అన్న అంకెలను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అవి నాకేమీ చెప్పలేదు.

తర్వాత హిమాయత్‌సాగర్‌కు వచ్చే నీటి మీద ఆ మొదటి మోడల్ కట్టాను. 1970ల నాటి రికార్డులతో సరిచూస్తే, కంప్యూటర్ గీసిన గీతా, నిజంగా జలాశయానికి వచ్చిన నీటి గీతా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. సంతోషంతో తర్వాతి దశాబ్దాలకు వెళ్లాను. 1990ల దగ్గర నా గీత ఎక్కడో పైన ఉంది, జలాశయం గీత కింద ఉంది. వాన చూస్తే అంతగా తగ్గలేదు. కురవడం కురిసింది, రావడం రాలేదు. అప్పుడు నేను తేల్చుకున్నది ఏమిటంటే, జలాశయం నీటిమట్టం గేజీ చదివే మనిషి సరిగ్గా చదవడం లేదని. నా సూత్రాలు తప్పవు, నేల తప్పదు, తప్పేది మనిషే అనుకున్నాను. ‘ఇటీవలి రికార్డుల నాణ్యత సందేహాస్పదం’ అని నివేదికలో రాశాను. ఆ ఒక్క వాక్యంతో ముఖం కూడా చూడని ఒక ఉద్యోగి నిజాయితీని కొట్టిపారేశాను. నా మోడల్‌లోకి వచ్చిన మొదటి మనిషి ఆయనే, అదీ దోషిగా.

ఆయన్ను చూడటానికి చాలా ఆలస్యంగా వెళ్లాను. కట్ట మీద నడిపించుకుంటూ తీసుకెళ్లి గేజీ చూపించాడు. రాయికి పాకుడు పట్టి ఉంది. భుజం మీది తువ్వాలుతో తుడిచి, గొంతుక్కూర్చుని, నీటి అంచు కదలకుండా ఉండే క్షణం కోసం ఎదురుచూసి అంకె చదివాడు. గాలికి అల లేస్తే మళ్లీ ఆగాడు. నేను ప్రయోగశాలలో ఎప్పుడూ అంత ఓపికగా ఏదీ కొలవలేదు. మరి నీళ్లు ఎందుకు తక్కువ వస్తున్నాయని అడిగితే ఆయన అన్నాడు: “నీళ్లు రాకపోతే నేనేడికెల్లి రాయాలె సార్? మీదికి పోయి చూడుండ్రి.”

మీదికి పోయాను. షాబాద్ వైపు ఊళ్లలో మోటబావులు ఎండి, అడుగున తుమ్మమొక్కలు మొలిచి ఉన్నాయి. బావి గోడలో మోట రాతికి తాడు ఒరిసి పడిన గాడి అలాగే ఉంది. బావి పక్కనే బోరు, దాని పక్కన ఎండిపోయిన ఇంకో బోరు, కాస్త దూరంలో ఇంకోటి. మొదటిది ఎన్నడు పడింది, రెండోది ఎన్నడు ఎత్తిపోయింది, మూడోదానికి ఎవరి దగ్గర అప్పు తెచ్చింది ఆ బావి రైతు వరసగా చెప్పాడు. పొలంలో టమాట, చామంతి. అవి తెల్లారేసరికి హైదరాబాద్ మార్కెట్లకు చేరతాయి. మా కాచిగూడ ఇంట్లో అమ్మ పూజకు కొన్న చామంతులు ఆ నేలవే కావచ్చు.

జలాశయానికి నీళ్లు తెచ్చే వాగు ఎందుకు ఆగిపోయిందో అప్పుడు అర్థమైంది. వాన వెలిసిన తర్వాత కూడా వాగు నెలల తరబడి పారేదంటే, చుట్టుపక్కల నేలలో నిండిన నీరు మెల్లగా దానిలోకి ఊరేది కాబట్టే. బోర్లు ఆ నీటిని లోపల్నుంచే తోడేస్తే ఊట ఆగిపోతుంది. నీటిమట్టం ఇంకా కిందికి పోతే వాగే తిరిగి నేలకు నీళ్లివ్వాల్సి వస్తుంది. తొలకరి, ఆ తర్వాతి వానలు ఖాళీ అయిన నేలను నింపడానికే సరిపోతాయి. దానికి తోడు చెక్‌డ్యాములు, ఊటకుంటలు. కరువు తట్టుకోవడానికి మంచి మనసుతో కట్టినవే, ఆ ఊళ్లకు మేలు చేసినవే. అయితే అక్కడ ఆగిన ప్రతి చుక్కా కింద జలాశయానికి రానిదే. చిన్న వానలు హిమాయత్‌సాగర్ దాకా రావడం మానేశాయి. పెద్ద వాన మాత్రం ఒక్కుమ్మడిగా వచ్చి పడుతుంది. తర్వాత వేరే పరిశోధకులు ఇదే పరివాహక ప్రాంతం మీద పనిచేసి, ప్రవాహం తగ్గడానికి వానలో మార్పు కంటే మనుషుల పనులే కారణమని చూపిన అధ్యయనం 2014లో అచ్చయింది. దాన్ని చదువుతున్నంతసేపూ గేజీ చదివే ఆయనే కళ్ల ముందు మెదిలాడు.

ఇక్కడితో ఆగితే రైతును దోషిగా నిలబెట్టినట్టవుతుంది. ఆ తప్పు కూడా కొన్నాళ్లు చేశాను, అది మొదటిదాని కన్నా పెద్ద తప్పు. గొలుసు మొత్తం పట్టుకుంటే కథ మారిపోతుంది. నగరం పెరిగింది, కూరగాయలూ పూలూ పాలూ కావాలంది. ఊళ్లు బోర్లు వేశాయి. జలాశయాలకు వచ్చే నీరు తగ్గింది. నగరం ఇంకా దూరం చెయ్యి చాచింది. ముందు మంజీర, తర్వాత సింగూరు, ఆపైన నాగార్జునసాగర్ నుంచి పంపులతో కృష్ణ, దానికీ సరిపోక ఎల్లంపల్లి నుంచి గోదావరి. సింగూరు నీళ్లు నగరానికి మళ్లితే కింద 1931లో కట్టిన నిజాంసాగర్ ఆయకట్టులో నాట్లు వెనకబడ్డాయి. కొత్త నీళ్లు వచ్చాక నగరం ఇంకా పెరిగింది. దూరం నుంచి నీళ్లు వస్తున్నాయి కదా అని దగ్గరి జలాశయాల మీద పట్టింపు తగ్గింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు చుట్టూ పది కిలోమీటర్లలో, 84 ఊళ్లలో కాలుష్య పరిశ్రమలూ పెద్ద కట్టడాలూ రాకుండా 1996 మార్చిలో 111వ నంబరు జీవో తెచ్చారు. ఒక నూనె కర్మాగారం కేసులో 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ఆ జలాశయాల పక్షానే నిలబడింది. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఉత్తర్వు ఇచ్చినప్పుడు వినిపించిన వాదన ఏమిటంటే, నగరం ఇప్పుడు ఆ నీళ్ల మీద ఆధారపడి లేదని. నీళ్ల లెక్కల వాళ్లం మేమెవరమూ అలాంటి వాదనను ముందుగా ఊహించి మోడల్‌లో పెట్టలేదు. నీళ్లు ఎక్కువ తెచ్చినకొద్దీ కొరత తీరుతుందనే రాసుకుంటూ వచ్చాం. తెచ్చిన నీరే కొత్త అవసరాన్ని పుట్టిస్తుందని, పాత నీటిని చులకన చేస్తుందని మా సమీకరణంలో ఎక్కడా లేదు.

కొలవలేనిది శాస్త్రం కాదన్న నా పట్టుదలను మొదట కదిల్చింది నల్గొండ జిల్లాలోని ఒక ఊరి గోడ. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో మొదలైన రైతుల భూగర్భ జల యాజమాన్య పథకం అనంతపురం, మహబూబ్‌నగర్, నల్గొండ లాంటి ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. రైతులే వానమాని పెట్టి వాన కొలిచేవారు, బోర్లలోకి కొలతతాడు దించి నీటిమట్టం రాసుకునేవారు. యాసంగి ముందు అందరూ కూర్చుని, భూమిలో ఎంత నీరుంది, ఏ పంట ఎన్ని ఎకరాలు వేస్తే ఎంత తాగుతుంది అని లెక్క కట్టేవారు. నేను చూసిన గోడ మీద రంగుతో గళ్లు గీసి ఆ లెక్క రాశారు. వరి గడిలో ఎకరాలు కొట్టేసి తగ్గించి రాసి ఉంది, పక్కన పల్లి, కంది పెరిగాయి. చివరి గడిలో లోటు. ఎవరు ఏ పంట వేయాలో ఎవరూ శాసించరు. గోడ మీద లోటు కనిపిస్తుంది, అంతే. దాన్ని చూసి కొందరు వరి మానుకుంటారు, కొందరు మానుకోరు, మరుసటేడు గోడ మళ్లీ చెబుతుంది. మనిషి నీటిని చూసి నిర్ణయం మార్చుకోవడం, ఆ నిర్ణయం మళ్లీ నీటిని మార్చడం, నేను పుస్తకాల్లో పెట్టడానికి వీల్లేదన్న ఆ చుట్టూ తిరిగే లెక్క, సున్నపు గోడ మీద నడుస్తోంది. కొలతలు రాసే ఆమెను, ఇంత కచ్చితంగా ఎలా రాస్తున్నావమ్మా అని అడిగాను. “మా నీళ్లు గదా సార్, తప్పు రాస్తే మాకే గదా,” అంది. గేజీ ఆయన విషయంలో నేను రాసిన వాక్యం గుర్తొచ్చి అక్కడ నిలబడలేకపోయాను.

నగరానికి దిగువన ఇంకో పాఠం ఉంది. నా పట్టికల్లో నగరం వదిలే మురుగునీటికి ‘నష్టం’ అని పేరు పెట్టాను. కాలమ్ చివర్న మైనస్ గుర్తుతో ఉండేది. ఆ నష్టం ఎటు పోతుందో చూద్దామని ఒకనాడు తెల్లవారకముందే అంబర్‌పేట దాటి పీర్జాదిగూడ వైపు వెళ్లాను. మూసీ ఒడ్డున పారా గడ్డి, నడుము ఎత్తున పచ్చగా. ఆడవాళ్లు కాళ్లకు నూనె రాసుకుని, చీర పైకి దోపుకుని నల్లటి నీళ్లలోకి దిగారు. కొడవలితో గుప్పెడు గుప్పెడు కోసి, గడ్డితోనే పేనిన తాడుతో మోపు కట్టి, ఒకరి తలకు ఒకరు ఎత్తుకున్నారు. మోపు నుంచి కారే నీరు మెడ మీదుగా వీపు మీదికి దిగుతోంది. చర్మం మీద ఎర్రటి పొక్కులు. దురద గురించి అడిగితే, ఎండ ఎక్కితే ఎక్కువవుతుందన్నారు, అందుకే చీకటితో వస్తారట. మోపులు ట్రాలీ ఆటోలకెక్కి నగరంలోని బర్రెల పాకలకు పోయాయి. మా వీధిలోకి బర్రె పాలు వచ్చేదీ అలాంటి పాకల నుంచే. నారాయణగూడలో సదర్ పండగకు దున్నపోతులను పూలతో అలంకరించి ఊరేగిస్తుంటే చిన్నప్పుడు వాటి వెంట పరుగెత్తాను. వాటి మేత ఎక్కడిదో అప్పుడు తెలియదు, మోడల్ కట్టేటప్పుడూ తెలియదు.

ఇంకా కిందికి పోతే మూసీ మీద పాత కత్వలు, వాటి నుంచి పిల్లాయిపల్లి, బునాదిగాని, ధర్మారెడ్డిపల్లి కాల్వలు. ఒకప్పుడు వానాకాలం తప్ప పారని నది, నగరం పుణ్యమా అని పన్నెండు నెలలూ పారుతోంది. ఆ నీళ్లతో వరి పండుతోంది. ఆ నీళ్లలో చేప బతకడం లేదు, పొలంలో దిగినవాళ్లకు దురదలు, కీళ్ల నొప్పులు. నీళ్లు ఆపేయమని వాళ్లెవరూ అడగరు, శుభ్రం చేసి వదలమంటారు. కృష్ణ నుంచి కొండలెక్కించి తెచ్చుకున్న నీరు మా సింకుల గుండా మూసీలో పడి, వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణలోనే కలుస్తోంది, తీసుకున్న చోటుకు చాలా దిగువన, వేరే నీరుగా మారి. దీన్నంతా ‘నష్టం’ అనే ఒక్క మాట కింద పాతిపెట్టింది నేనే. రేపు మూసీని సుందరంగా చేయాలని, నదీతీరం కట్టాలని గీసే పటాల్లో ఆ గడ్డి మోపులకు ఒక గడి లేకపోతే, ఆ పటం గీసేవాళ్లు కూడా నేను చేసిన పనే చేస్తున్నట్టు.

ఈలోగా ప్రపంచంలో మా శాస్త్రమూ మారింది. 2012లో మురుగేశు శివపాలన్, మరో ఇద్దరు కలిసి, మనుషుల్నీ నీటినీ కలిపి ఒకే వ్యవస్థగా చదవాలంటూ సామాజిక జలశాస్త్రం అనే దాన్ని ప్రతిపాదించారు. శివపాలన్ శ్రీలంక నుంచి వెళ్లిన తమిళుడు. మరుసటేడు జులియానో డి బల్దసారే బృందం ఒక చిన్న మోడల్ అచ్చువేసింది. నది పక్కన ఒక ఊహా నగరం. వరద వస్తే జనంలో జ్ఞాపకం ఒక్కసారి పెరుగుతుంది. రాని ఏళ్లలో కొంత కొంత తరుగుతుంది. జ్ఞాపకం ఉన్నన్నాళ్లు దూరంగా ఉంటారు, తరిగేకొద్దీ నదికి దగ్గరగా జరుగుతారు. కట్ట ఎత్తు పెంచితే చిన్న వరదలు రావు, కాబట్టి జ్ఞాపకం ఇంకా తొందరగా తరుగుతుంది, అప్పుడు వచ్చే పెద్ద వరద మొదటిదాని కన్నా ఎక్కువమందిని ముంచుతుంది. రక్షణే ప్రమాదాన్ని పెంచవచ్చన్న ఈ మాట అమెరికాలో గిల్బర్ట్ వైట్ 1945 నాటికే చెప్పాడు. డి బల్దసారే బృందం వ్యాసం చదివి నేను పక్కన పడేశాను. జ్ఞాపకానికి కొలమానం ఏమిటి, లీటర్లా మీటర్లా అని సహోద్యోగులతో వాదించాను.

అప్పటికే ఆ మోడల్ నా ఇంట్లోవాళ్ల మీద నడిచిపోయింది. రాయడానికి అన్నిటికన్నా కష్టమైనది ఇదే.

నేను ఇంజనీరింగ్ పూర్తిచేసిన కొత్తలో, 1990ల మధ్యలో, మా చిన్నాయన గోల్నాకలో ఇల్లు కొనాలనుకున్నాడు. ధర తక్కువ, కాచిగూడకు దగ్గర. చిన్నమ్మకు మనసొప్పలేదు. వాళ్ల నాయనమ్మ తుగ్యానీ కథలు చెప్పిన మనిషి. చిన్నాయన నన్ను పిలిచి, “నువ్వు సదువుకున్నోనివి బిడ్డా, చెప్పు, తీసుకోవచ్చునా?” అన్నాడు. నేను కాగితం తీసి రెండు జలాశయాల బొమ్మ గీశాను. “మీద రెండు కట్టలున్నయి చిన్నాయనా. మూసీల నీళ్లే లేవు, వరద యాడికెల్లొస్తది? తీసుకో,” అన్నాను. చిన్నమ్మ ఏదో అనబోతే, అవన్నీ పాతకాలం మాటలని ఆపేశాను. ఆ ఇల్లు వాళ్లు నా మాట మీద కొన్నారు.

2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. నేను బొమ్మ గీసిన కట్టలకు దానితో సంబంధమే లేదు. హుస్సేన్‌సాగర్ మిగులు నీరు పోయే నాలా దోమల్‌గూడ, నల్లకుంటల మీదుగా గోల్నాక, అంబర్‌పేట వైపు వచ్చి మూసీలో కలుస్తుంది. నా కాగితం మీద ఆ నాలా లేదు. నీళ్లు ఇంట్లోకి వచ్చి చిన్నమ్మ పెళ్లినాటి పెట్టె మునిగింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. పట్టుచీరలు విప్పి ఆరేస్తుంటే బురద వాసన వచ్చింది. నేను ఒక పక్క కొస పట్టుకుని నిలబడ్డాను, అంతకు మించి ఏమీ చేయలేకపోయాను.

తర్వాత చిన్నాయన మీద అంతస్తు వేసుకుని పైకి మారాడు. కింది గదులు కిరాయికిచ్చాడు. తీరిక లేదని ఒక సాకు, నా ఇల్లు కాదని ఇంకో సాకు, నేను ఆ కింది గదుల గురించి ఆలోచించలేదు. పండగలకు వెళ్లినప్పుడు మెట్లెక్కుతూ చూసేవాణ్ని. పాలమూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం ఒకటి ఉండేది. కిటికీ దగ్గర కుట్టు మిషను, గోడ అరలో అన్నిటికన్నా కింద పిల్ల పుస్తకాలు. ఆ అర ఎత్తు దాకా ఒకప్పుడు నీళ్లు వచ్చాయని నాకు తెలుసు. వాళ్లకు తెలియదు. ఎప్పుడూ చెప్పలేదు. వరదల మీద నగరంలో మీటింగుల్లో మాట్లాడి, సాయంత్రం అదే ఇంటికి వెళ్లి, ఆ పిల్లను ఏం చదువుతున్నావమ్మా అని అడిగి పైకి వెళ్లిపోయాను.

2020 అక్టోబరు 13 రాత్రి ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు పడింది. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు, మూసారాంబాగ్ వంతెన మీదుగా నది పారింది. ఏళ్ల తరబడి నీళ్లు రావడం లేదని నేను లెక్కలు వేసిన జలాశయమే అది. కింది గదులవాళ్లు చీకట్లో పిల్లను వెంటబెట్టుకుని పైకి వచ్చారు. నేను రెండు రోజుల తర్వాత వెళ్లగలిగాను. మెట్ల కమ్మీ మీద సర్టిఫికెట్లు ఆరేసి ఉన్నాయి. పదో తరగతి మెమో మీద పేరు దగ్గర సిరా కరిగి నీలంగా పాకింది, హాల్‌టికెట్ నంబరు మాత్రం మిగిలింది. ఆ తల్లి నన్ను అడిగింది: “గిట్ల నీళ్లొస్తయని మీకెవ్వరికి తెల్వదా సార్?” తెలుసని చెప్పలేకపోయాను.

వాళ్లు ఆ నెలలోనే ఖాళీ చేశారు. కొన్నాళ్లకు కొత్తవాళ్లు దిగారు, వాళ్లకూ ఎవరూ ఏమీ చెప్పలేదు. డి బల్దసారే మోడల్‌లో జ్ఞాపకం అందరిలో ఒకే వేగంతో మెల్లగా తరుగుతుంది. మా సందులో అలా తరగలేదు. సామాను ట్రాలీకెక్కిన రోజున జ్ఞాపకం మొత్తం వాళ్లతోనే పోయింది. ఉన్నవాడు పైకి మారాడు, తెలియనివాడు కిందికి వచ్చాడు. కిరాయి తక్కువ కాబట్టే వచ్చాడు. తక్కువ ఎందుకో అడగడు, తక్కువ కాబట్టి. ఇప్పుడు నేను కడుతున్న మోడల్‌లో అందుకే కిరాయి ఉంది, ఇల్లు మారడం ఉంది. గోల్నాకలో, మూసానగర్‌లో, కమల్‌నగర్‌లో తలుపులు తట్టి అడుగుతున్నాను: ఎప్పుడొచ్చారు, నీళ్ల సంగతి ఎవరు చెప్పారు. పాతవాళ్లు నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో వేలితో చూపిస్తారు. కొత్తవాళ్లలో చాలామందికి నీళ్లే వచ్చి చెప్పాయి.

2025 సెప్టెంబరు 26 రాత్రి రెండు జలాశయాల గేట్లు ఎత్తి నీళ్లు వదిలితే ఇమ్లీబన్ బస్‌స్టేషన్‌లోకి మూసీ వచ్చింది. ప్రయాణికులు బస్సుల మధ్య చిక్కుకుపోయారు. ఆ రాత్రి వచ్చింది, విశ్వేశ్వరయ్య 1908 వరదకు లెక్కకట్టిన నాలుగు లక్షల పాతిక వేల క్యూసెక్కులలో పదో వంతు కూడా కాదు. జలాశయాలున్నాయన్న ధీమాతో 1990ల్లో నది మధ్యనే బస్‌స్టేషన్ కట్టుకున్నాం, ఒడ్డులను లోపలికి జరుపుకుంటూ వచ్చాం. ఆ ధీమాతోనే నేను చిన్నాయనకు బొమ్మ గీసిచ్చాను. గేట్లు ఎత్తుతున్నారని తెలిసిన వెంటనే ఈసారి ఫోన్ చేసి, కిందివాళ్లను సామానుతో సహా పైకి పిలిపించాను. వాళ్ల పెద్దాయనతో నేనే మాట్లాడి, 2000లో నీళ్లు ఎంతదాకా వచ్చాయో, 2020లో ఎంతదాకా వచ్చాయో చెప్పాను.

మర్నాడు వెళ్లి చిన్నాయనను అడిగాను. కింది గది గోడ మీద రెండు గీతలు గీసి, ఏ ఏడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో రంగుతో రాద్దామని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “రాస్తే కిరాయికి ఎవరు దిగుతరు బిడ్డా? ఆ పైసల మీదనే గదా మందులు కొనుక్కుంటున్నం. కొనుమన్నది గూడ నువ్వే గదా,” అన్నాడు. చిన్నమ్మ వంటింట్లోంచి, “రాయనియ్యి” అంది. తగ్గిన కిరాయి నెలనెలా నేనిస్తాను, రాయనివ్వమని అడిగాను. చిన్నాయన ఇంకా ఒప్పుకోలేదు. ప్రతి ఆదివారం వెళ్లి అడుగుతున్నాను.